ఊపిరాడని ల్యాప్‌టాప్

ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకు ఠప్పున ఆరిపోతుంది. నీలం తెర రాదు, ఎర్రర్ అని ఒక్క ముక్క చెప్పదు. లక్షకు పైగా పోసి కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్. విండోస్ మళ్లీ ఎక్కించారు, గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి కొత్తది వేశారు, ర్యామ్ మార్చారు. బెంగళూరులో ఎవరో మదర్‌బోర్డు పోయిందని తేల్చి, కొన్న ధరలో సగం అడిగారట. దాంతో పట్టుచీరల సావుకారు కొడుకును వెంటేసుకుని, ధర్మవరంలోనే మా వీధి చివరి రిపేరు అంగడికి వచ్చి కూర్చున్నాడు. ప్రింటర్ కోసం వెళ్లిన నేనూ అక్కడే ఉన్నాను. నా పక్కన ఒకావిడ, కూతురి పెళ్లి ఫోటోలున్న పెన్‌డ్రైవ్ తెరుచుకోవడం లేదని వచ్చింది.

సావుకారు ఆమెను చూడగానే గుర్తుపట్టాడు.

"బాగుండావా అక్కా? ముహూర్తం చీర మన కాడే కదా తీసుకుంటిరి! కొంగు కుచ్చులో పోగు లాగి, అగ్గిపుల్ల గీసి మరీ చూపిస్తిని. ఊర్లో ఎంతమంది చూపిస్తారట్ల?"

మాట ఆమెతో, వినిపించేది మాకు. హిందూపురం మార్కెట్‌కు వచ్చే పట్టుగూళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి, తన చీరల స్వచ్ఛత గురించి చాలాసేపే చెప్పాడు. ఆవిడ తలూపుతూ విన్నది. సిల్క్‌మార్క్ చీటీ 2004లో వచ్చింది గానీ, మా ఊళ్లో అంతకు ముందునుంచీ అగ్గిపుల్లే ల్యాబు. పట్టు కూడా మన జుట్టు లాంటి మాంసకృత్తే కాబట్టి, కాలితే అదే కమురు వాసన. వేళ్లతో నలిపితే బూడిద.

రిపేరు కుర్రాడు స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. ముందు పిల్లాణ్ని అడిగాడు.

"సినిమా చూస్తే ఆరిపోతాదా?"

"రాత్రంతా చూసినా ఏం కాదన్నా."

"ఆటలో ఫ్రేములు అరవైకి కట్టేస్తే?"

"అప్పుడు అరగంట దాకా ఆడుతుంది."

ఈవెంట్ వ్యూయర్ తెరిచాడు. వరసగా 'కెర్నల్-పవర్ 41'. అది చూసి చార్జర్లు, బ్యాటరీలు మార్చేవాళ్లు బోలెడుమంది. నిజానికి అది చెప్పేది ఒకటే: సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని. ఎందుకు ఆగిందో దానికీ తెలియదు. కుర్రాడు దాన్ని మూసేసి, వేడి చూపించే ప్రోగ్రాం ఒక మూల పెట్టి, ఆట నడిపించాడు. చూస్తుండగానే ప్రాసెసర్ 100 డిగ్రీలు తాకింది. వేగం సగానికి పడిపోయింది. ఫ్యాన్ హోరు మాకందరికీ వినిపిస్తోంది. బిల్లు పుస్తకంలోంచి సన్నటి కాగితం ముక్క చించి, వేడిగాలి బయటికొచ్చే కంతల దగ్గర పట్టుకున్నాడు. కాగితం కదల్లేదు. ల్యాప్‌టాప్ మాత్రం ఆరిపోయింది.

"ఫ్యాన్ తిరుగుతా ఉంది, గాలి రావడం లేదు. యాడ పెట్టుకుని ఆడతావప్పా?"

"గోడౌన్‌లో. నెట్ బాక్స్ అక్కడే ఉంది."

కొడుకు ఊరంతా తిప్పి పాడు చేశాడంటారేమోనని సావుకారు అడ్డొచ్చాడు. "కొన్నప్పటి నుంచి మా గోడౌన్ దాటి పోలేదప్పా. బెంగళూరుకు పోయిండేది కూడా పెట్టెలోనే."

అడుగు రేకు ఊడింది. రెక్కలు చూస్తే శుభ్రంగానే ఉన్నాయి. అందుకే ఇంతవరకూ ఎవరూ లోపలికి చూసి ఉండరు. కుర్రాడు ఫ్యాన్ పైకెత్తాడు. దానికీ రాగి గొట్టాల చివరుండే పలచటి రేకులకీ మధ్య దట్టమైన మెత్త. చిమటాతో పట్టి లాగితే వెడల్పు రిబ్బను ముక్కలా ఒక్కటే వచ్చింది. బూడిదరంగు దుమ్ములో మెరూన్ పోగులు తళతళమంటున్నాయి.

సావుకారు ముఖం వెలిగిపోయింది. "చూస్తిరా! మా ఇంట్లో దుమ్ము కూడా పట్టే!"

అందరం నవ్వాం. నిజంగానే బాగా అన్నాడు. మదర్‌బోర్డు ఖర్చు తప్పిన సంతోషం కూడా కలిసి ఉంటుంది.

ఆవిడ మెల్లగా చెయ్యి చాచి నాలుగు పోగులు ఏరుకుంది. దుమ్ము ఊదేసి, బొటనవేలితో పురిపెట్టింది. దేవుడి పటం దగ్గరున్న అగ్గిపెట్టె అందుకుంది.

"నువ్వు నేర్పిచ్చిందే కదన్నా" అంటూ గీసింది.

మంట ఇంకా తగలకముందే పోగు వెనక్కి ముడుచుకుంది. కరిగింది. నల్లటి బొట్టొకటి బల్లమీద పడింది. కమురు వాసన లేదు, ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. చల్లారాక ఆవిడ గోటితో మీటితే గట్టి పూసలా టిక్కుమంది.

"కర్టెన్‌దేమో..." అన్నాడు సావుకారు.

కుర్రాడిది మగ్గం గుంట ఉన్న ఇల్లు. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టును స్పిరిట్‌తో తుడుస్తూ, తలెత్తకుండానే అన్నాడు: "అన్నీ ఒకే కొలతన తెగినాయన్నా. అంచు దగ్గర పేక కత్తిరిస్తే పడే ముక్కలు. కొంగు కుచ్చుల్లో యాలాడేది పడుగు కదా, అది పట్టే ఉంటాది. ఇది పేక."

సావుకారు కొడుకు వైపు చూశాడు. వాడి కళ్లన్నీ ల్యాప్‌టాప్ మీదే.

"అయితే ఇంక ఆరిపోదా అన్నా?"

"ఆరిపోదు. గ్యారంటీ."

కుర్రాడు మిగిలిన మెత్తను చెత్తబుట్టలో వేయబోతుంటే ఆవిడ ఆపింది.

"అది పారేయాకప్పా, ఒక కవర్లో ఏసియ్యి. చీర బిల్లు బీరువాలోనే ఉండాది."