సింథటిక్ బాబాయ్

కొత్త మనిషి తారసపడితే కొందరు ఊరు అడుగుతారు. కొందరు ఇంటిపేరు అడిగి మిగతాది తామే కూడుకుంటారు. సింథటిక్ బాబాయ్ మాత్రం ఆ మనిషి దిగిన కారు వంక ఓసారి చూసి, "ఏ గ్రేడు పోయిస్తున్నారండీ?" అంటారు. "సర్వీసు వాళ్లు ఏది పోస్తే అది" అని జవాబొచ్చిందా, ఇక అప్పట్నుంచి ఆ మనిషిని జాలిగా చూస్తారు. లిఫ్టు తలుపు కూడా ఆయనే పట్టుకుంటారు.

ఈ జాతి మనిషి ప్రతి అపార్టుమెంటు సెల్లారులోనూ ఒకరుంటారు. పటమటలో మా అపార్టుమెంటుకి ఈయన. బ్యాంకు ఆఫీసరుగా రిటైరయ్యారు గానీ ఆయన అసలు ఉద్యోగం అప్పుడూ ఇప్పుడూ నూనే. చేతక్ స్కూటరు నడిపే రోజుల్లో, పెట్రోలుతో పాటు పోసే టూటీ ఆయిల్ పాళ్లు తప్పాయని బంకు కుర్రాడితో తగాదా పెట్టుకుని బ్యాంకుకి ఆలస్యంగా వెళ్లిన చరిత్ర ఉంది. తర్వాత మారుతి 800 వచ్చింది. పిల్లల చదువులు, పెళ్లిళ్లు పిన్ని గారు చూసుకున్నారు. ఇంజిన్ ఆయిల్ ఈయన చూసుకున్నారు.

ఆదివారం పొద్దున్నే బానెట్ లేస్తుంది. డిప్‌స్టిక్ బయటికొస్తుంది. దాన్ని తుడిచి, మళ్లీ ముంచి, తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ చుక్కని రాస్తూ తీగపాకం చూసినట్టు చూస్తారు. తర్వాత వాసన. తర్వాత మౌనం. ఆ కాసేపూ వాచ్‌మన్ నీళ్ల మోటారు వెయ్యడానికి కూడా జంకుతాడు.

2022లో హైరైడర్, గ్రాండ్ విటారా వచ్చాక హైబ్రిడ్ అన్న మాట మన ఊళ్లలోనూ తిరగడం మొదలైంది. ప్రకటనల్లో లీటరుకి 27.97 కిలోమీటర్లు అన్నారు. అందరూ ఆ అంకె చూసి కొన్నారు. బాబాయ్ కూడా ఓ హైబ్రిడ్ కొన్నారు గానీ, ఆయన ముందు తిప్పింది కారుతో ఇచ్చిన పుస్తకంలో నూనె పేజీ. అక్కడ 0డబ్ల్యూ-16 అని ఉంది. ఆ డబ్బా ఒకటి చంకన పెట్టుకుని ఆటోనగర్లో పాత మేస్త్రీ దగ్గరికి వెళ్లారు. మేస్త్రీ మూత తీసి రెండు చుక్కలు అరచేతిలో వేసుకున్నాడు.

"ఇదేం నూనె సార్, చేతిలో నిలబడనంటోంది! మన ఎండలకి ట్వంటీ ఫిఫ్టీ కొట్టేద్దాం."

మేస్త్రీది అబద్ధం కాదు, పాత నిజం. కాగిన నూనె చిక్కదనాన్ని వంద డిగ్రీల దగ్గర కొలుస్తారు. అక్కడ 16 గ్రేడు, 50 గ్రేడులో సగానికి అటూ ఇటూగానో, ఇంకా తక్కువగానో ఉంటుంది. ఈ ఇంజిన్లని ఆ పల్చదనానికి తగ్గట్టే కట్టారు. ఇక ముందున్న 0డబ్ల్యూ చలికాలం లెక్క: మైనస్ 40 డిగ్రీల్లోనూ పంపుకి అందేంత పల్చగా ఉండాలని. మే నెలలో నలభై అయిదుకి ఎగబాకే బెజవాడలో ఆ మైనస్ నలభై ఎవరికని పిన్ని గారు అడిగారు.

"రేపెప్పుడైనా లడఖ్ వెళ్తే?" అన్నారు బాబాయ్.

ఇంతవరకు ఆ కారు మంగళగిరి దాటలేదు. (రాత్రంతా నిలబడిన ఇంజిన్ని పొద్దున్నే లేపినప్పుడు పల్చని నూనె చప్పున పైకెక్కుతుంది. ఆ లాభం బెజవాడక్కూడా ఉంది. ఆయన లడఖే చెప్పుకున్నారు.)

మేస్త్రీ మాట వినలేదు, మంచిదే. పుస్తకం మాటతోనూ సరిపెట్టుకోలేదు. "అందులో రాసింది పాసు మార్కులు అబ్బాయ్, మనకి ఫస్టు క్లాసు కావాలి" అంటూ రెట్టింపు ధర పెట్టి అదే గ్రేడులో ప్రీమియం డబ్బా తెప్పించారు. సర్వీసు సెంటర్లో పోసేది కూడా సింథటిక్కేననీ, అంత పల్చని గ్రేడు మామూలు ఖనిజ నూనెతో కుదిరే పని కాదనీ చెప్పి చూశాను.

"సింథటిక్‌లో సింథటిక్ వేరు! ఇందులో పాలీ ఆల్ఫా ఓలెఫిన్ ఉంది."

ఆ మూడు మాటలూ సంధ్యావందనం స్పష్టతతో పలికారు. కానీ ఆయన దగ్గర దాచిన సంగతొకటుంది. ముడిచమురునే గట్టిగా శుద్ధి చేసి తీసిన నూనెని సింథటిక్ అనొచ్చా అని మొబిల్, కాస్ట్రాల్ కంపెనీలు అమెరికాలో పేచీ పెట్టుకుంటే, 1999లో ప్రకటనల తగవులు తీర్చే సంస్థ అనొచ్చని తేల్చింది. అప్పట్నుంచి డబ్బా మీద ఎంత పెద్ద అక్షరాలున్నా, లోపల ఏది ఎంత పాలుందో అక్షరాలు చెప్పవు. ఈ సంగతి బాబాయ్‌కి తెలిస్తే ఆ ఆదివారం డిప్‌స్టిక్ బయటికి రాదు. మనకెందుకా పాపం?

హైబ్రిడ్లో ఇంజిన్ మాటిమాటికీ ఆగుతుంది. బెంజి సర్కిల్ దగ్గర అది సద్దుమణగ్గానే బాబాయ్ గుండె కొట్టుకోవడం మొదలెడుతుంది. "నూనంతా కిందికి జారిపోతోంది అబ్బాయ్, దీనికి ప్రీమియం ఉండాల్సిందే." సిగ్నల్ పడేలోపు నూనె పొర లోహాన్ని వదిలిపోదు. పైగా ఈ ఇంజిన్ని తిరిగి లేపేది పాతకాలపు స్టార్టరు కాదు, బలమైన మోటారు. ముందు గిర్రున తిప్పి, ఆ తర్వాతే పెట్రోలు ఇస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. బాబాయ్ తిరిగేది రైతుబజారుకి, మనవడి బడికి, శుక్రవారం అమ్మవారి గుడికి. ఆ కాస్త దూరంలోనూ సగం బ్యాటరీ మీదే పోతుంది. నూనె సరిగ్గా కాగదు. కాగకపోతే అందులో చేరిన నీటి చెమ్మ, కాలని పెట్రోలు ఆవిరైపోవు. ఓ సంక్రాంతి పొద్దున మూత తిప్పితే దాని అడుగున తెల్లటి నురుగు కనిపించింది. "హెడ్ గాస్కెట్ పోయింది!" అని ఆయన పెట్టిన కేకకి ముగ్గులేస్తున్న వాళ్లు లేచి నిలబడ్డారు. ఏమీ పోలేదు. గుంటూరు దాకా వెళ్లొస్తే కరిగిపోయేదే. ఇలా తిరిగే కారుకి నూనె ఎంత ఖరీదైనదన్నది కాదు లెక్క, ఎప్పుడు మార్చారన్నది. పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది అని సర్వీసు వాళ్లు అంటే, బాబాయ్ లాంటివాళ్లకి ముందొచ్చేది ఏడాదే.

ఇక్కడే ఆయనలోని బ్యాంకు ఆఫీసరు నిద్రలేచాడు. ప్రీమియం డబ్బా మీద ఇరవై వేల కిలోమీటర్లని ఉంది. ఆయన తిరిగేది ఏడాదికి నాలుగు వేలు.

"అయిదేళ్లు మార్చక్కర్లేదు! రెండింతలు పెట్టాం, అయిదింతలు వాడుతున్నాం. మిగిలిందెంతో చూడు."

చూశాను. ఆ ఖరీదైన నూనె కారుకి చెయ్యగల కాస్త మేలూ ఈ పొదుపులో కొట్టుకుపోతోంది. ఏటా ఠంచనుగా కంపెనీ నూనె మార్పించుకునే మూడో ఫ్లోర్ డాక్టరమ్మ గారికి తన కారులో పోసే గ్రేడేదో తెలియదు. ఆవిడ ఇంజినే హాయిగా ఉంది.

మూడో ఏడు వేసవిలో తెర మీద హెచ్చరిక వెలిగింది. బాబాయ్, పిన్ని గారు సర్వీసు సెంటరుకి వెళ్తూ సాక్షిగా నన్నూ తీసుకెళ్లారు. తప్పంతా నూనె మార్చని సర్వీసు వాళ్లదేనని బాబాయ్ దారంతా వాదన సిద్ధం చేసుకున్నారు, మార్చొద్దన్నది తానే అయినా. అక్కడి కుర్రాడు బానెట్ ముట్టుకోలేదు. వెనక తలుపు తీసి, రైతుబజారు సంచులు పక్కన పెట్టి, సీటు పక్కనున్న జాలీ మీంచి ఒక పాత తువ్వాలు లాగాడు. లోపలి ఫిల్టరు బయటికి తీస్తే దుమ్ము అట్టకట్టి ఉంది.

"హైబ్రిడ్ బ్యాటరీకి చల్లగాలి ఇక్కణ్ణుంచే పోవాలి సార్. దీన్ని ఎప్పుడూ క్లీన్ చేయించలేదా?"

"ఆ తువ్వాలు నేను పెట్టలేదు నాయనా" అన్నారు పిన్ని గారు. "ఈయనదే. నూనె చేతులు తుడుచుకోడానికి."

బాబాయ్ ఫిల్టరుని చేతిలోకి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పారు. వాసన చూశారు. కళ్లజోడు సవరించుకుని కుర్రాడి దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగారు:

"ఇందులో సింథటిక్ వస్తుందా?"