ప్లస్ ఫైవ్ కత్తి, ప్లస్ త్రీ కొల్లేరు

సంక్రాంతి సెలవులకి మా మేనల్లుడు తాడేపల్లిగూడెం నిట్ హాస్టల్ నుంచి ఏలూరు వచ్చాడు. బ్యాగులో ఒక సెమిస్టరు మాసిన బట్టలు, వాటి కింద దిండంత పుస్తకాలు మూడు, చిన్న గుడ్డసంచిలో రంగురంగుల పాచికలు. అందులో ఒకదానికి ఇరవై ముఖాలు. మా అమ్మ దాన్ని నిమ్మతొన బిళ్ల అనుకుని నోటిదాకా పట్టుకెళ్లింది.

"అమ్మమ్మా, అది పాచిక!"

"పాచికేవిట్రా, రేగ్గాయలా ఉంటేనూ."

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అట. బల్ల చుట్టూ నలుగురైదుగురు చేరతారు. ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ. కథ నడిపేవాడు వేరే ఉంటాడు, ఆ బల్ల దగ్గర వాడి మాటే శాసనం. గుహల్లో దూరతారు, భూతాలతో కొట్లాడతారు, నిధులు పంచుకుంటారు. ఏ పని ఫలిస్తుందో పాచిక తేలుస్తుంది.

"మరి గెలిచేదెవరు?"

"ఇందులో గెలుపోటములు ఉండవు మావయ్యా. ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది."

సివిల్ దావా అన్నమాట. అర్థమైంది.

హాస్టల్లో వాడి జట్టు చీలిపోయిందట. కొందరు 2014 నాటి పుస్తకంతో ఆడదామంటారు. కొందరు 2024లో సవరించిన పుస్తకమే చెల్లుతుందంటారు. ఇంకో సీనియర్, తను పుట్టకముందు అచ్చయిన నిబంధనలు తప్ప తక్కినవన్నీ కల్తీ అంటాడట. ఈ గొడవలో రెండు వారాలు మాటల్లేవు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మంచం కూడా మారింది. "అసలు ఆడుతున్న ఆటకి రూల్సు మార్చే హక్కు ఎవరికి ఉంటుంది మావయ్యా?" అని నన్నే తీర్పు అడిగాడు.

కొల్లేటి గాలి పీల్చేవాణ్ణి ఆ ప్రశ్న అడగొచ్చా?

రూల్సు మార్చడం మా ఇంట్లో కొత్తేమీ కాదు. అష్టాచెమ్మలో ఎదుటివాడి కాయ ఒక్కటైనా చంపనిదే లోపలి గళ్లలోకి వెళ్లకూడదు. ఆ రూలు మా పెద్దత్తయ్యకి ప్రాణం. తన కాయ చంపకుండానే లోపలికి వెళ్లాల్సిన రోజు వచ్చిందా, అది "చిన్నపిల్లలు ఆడేటప్పటి రూలు" అయిపోయేది. ఆవిడ శాసనసభకి వెళ్లలేదు గానీ, వెళ్లి ఉంటే జిల్లా గర్వించేది.

వాడి ఆట పుట్టుక విన్నాక నాకు మరీ ముచ్చటేసింది. అదీ ఒక సరస్సు ఒడ్డునే పుట్టింది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు పెట్టెలో మూడు పల్చటి పుస్తకాలు పెట్టి మొదటి విడతగా వెయ్యి ప్రతులు వేశారు. ఆట అంటుకుంది. సృష్టికర్తలిద్దరూ అయిదేళ్లకే కోర్టుకెక్కారు. సరస్సు ఒడ్డు మహిమ అంతే కాబోలు. 1989లో రెండో కూర్పు వచ్చింది. ఆటలో దెయ్యాలున్నాయని, పిల్లలు చెడిపోతున్నారని తల్లులూ చర్చిలవాళ్లూ అప్పటికే గోల పెట్టి ఉన్నారు. ఆట వేసే కంపెనీ బుద్ధిమంతురాలు. మొదట దెయ్యాల్ని తీసేసింది, తర్వాత నోరు తిరగని కొత్త పేర్లు పెట్టి వాటినే వెనక్కి తెచ్చింది. మన దగ్గర ఆక్రమణ 'ఆక్వా సాగు' అయినట్టు.

ఆ కంపెనీని 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనేసింది, దాన్ని 1999లో బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొనేసింది. 2000లో మూడో కూర్పు. 2003లో మూడున్నరో కూర్పు. అరకొర కూర్పు కూడా వెయ్యొచ్చని అప్పుడే తెలిసింది లోకానికి. 2008లో నాలుగు, 2014లో అయిదు. 2024లో అయిదునే మళ్లీ ఉతికి ఆరేశారు.

నాకు బాగా నచ్చినది కవచం లెక్క. మొదట్నుంచీ పాతికేళ్లపాటు కవచం అంకె తగ్గేకొద్దీ రక్షణ ఎక్కువ. తొమ్మిది అంటే ఒంటిమీద చొక్కాయే, రెండు అంటే ఇనప కవచం మీద డాలు. 2000లో దీన్ని తలకిందులు చేశారు. అప్పట్నుంచి అంకె పెరిగేకొద్దీ రక్షణ. పాతవాళ్లు ఇప్పటికీ దీనిమీద కన్నీళ్లు పెట్టుకుంటారట.

"అదే మంత్రపు కత్తయితే ఎప్పుడూ ఒకటే లెక్క మావయ్యా. ప్లస్ వన్, ప్లస్ టూ అలా పైకి వెళ్తుంది. ప్లస్ ఫైవ్ కత్తంటే ఇక తిరుగులేదు. ప్లస్ త్రీకి దిగామంటే నష్టపోయినట్టే."

"మెల్లిగా అనరా. కిటికీ తీసుంది."

ఎందుకంటే మన జిల్లాలో ఈ రెండంకెలూ బళ్లో వేసే గుణింతం కన్నా ముందు వస్తాయి. 1999 అక్టోబరులో జీవో 120 వచ్చింది. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున గీసిన గీత, అంటే ప్లస్ ఫైవ్ కాంటూరు, దానికి లోపలున్న కొల్లేరంతా వన్యప్రాణుల అభయారణ్యం అంది. 308 చదరపు కిలోమీటర్లు. ఎకరాల్లో చెప్పకపోతే మనకి ఎక్కదు కాబట్టి, 76 వేల పైచిలుకు. 2002లో చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కించినప్పుడు కాగితం మీద కొల్లేరు 90,100 హెక్టార్లు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. ఒక్క సరస్సుకి మూడేళ్లలో రెండు కొలతలు. లోపలికి వెళ్లి చూస్తే మూడో కొలత కనిపిస్తుంది. అది చెరువుల్లో ఉంటుంది.

మరి మా కొల్లేటి ఆటలో ఆటగాళ్లు? వాడి పుస్తకం ముందేసుకుని ఇద్దరం కూర్చుని రాశాం. యోధుడంటే లీజుదారు: ఊళ్లో ఉండడు, భీమవరంలోనో హైదరాబాదులోనో ఉంటాడు, అయినా దెబ్బ మాత్రం ఇక్కడ తగుల్తుంది. దొంగంటే రాత్రిపూట వచ్చే పొక్లెయిన్. మాంత్రికుడు కొలతల గొలుసు పట్టుకుని తిరుగుతాడు, నిన్న గట్టుకి అవతలున్న గీత ఇవాళ ఇవతల ఉంటుంది, మధ్యలో ఎవరూ దాన్ని ముట్టుకోరు. ప్రమాదం మీదికొచ్చినప్పుడు తప్పించుకోవడానికి వేసే పాచికని వాడు 'సేవింగ్ త్రో' అన్నాడు. మేం దాన్ని స్టే అంటాం. వాడి ఆటలో అది ఒక్కోసారి తప్పుతుంది.

కథ నడిపేవాడెవరన్న దగ్గర ఆగిపోయాం. అటవీశాఖ అంటే రెవెన్యూ ఒప్పుకోదు, రెవెన్యూ అంటే మత్స్యశాఖ ఒప్పుకోదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక కైకలూరు కూడా మన ఏలూరు జిల్లాలోకి వచ్చింది, తాడేపల్లిగూడెం మాత్రం పశ్చిమగోదావరిలోనే ఉండిపోయింది. కనీసం ఒకే కలెక్టరు బల్ల దగ్గర కూర్చుంటారనుకున్నాం. ఫైలు ఇప్పటికీ కొల్లేటి చాంతాడే.

వాడి ఆటలో చచ్చినవాణ్ణి బతికించే మంత్రం ఒకటుంది. దానికి వెయ్యి బంగారు నాణేల విలువైన వజ్రం ఖర్చవుతుందట. పాపం, ఖరీదైన ఆట. 2005-06లో ఆపరేషన్ కొల్లేరు జరిగింది. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం, వెనకాల సుప్రీంకోర్టు ఆదేశాలు. పేలుడు మందు పెట్టి, యంత్రాలు దింపి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. గట్లు చచ్చాయని పత్రికలన్నీ రాశాయి. ఆ గట్లు మళ్లీ లేవడానికి వజ్రం అక్కర్లేకపోయింది. డీజిలు, అమావాస్య రాత్రి, కాసేపు అటు తిరిగి నిలబడే మనిషి ఒకడు, ఇవి చాలు.

తమాషా చూడండి. ఆ గట్లు పేలిన 2006లోనే అటు కొందరు పాత ఆట అభిమానులు, కంపెనీ ఆపేసిన మొదటి కూర్పు రూల్సుని తమ మాటల్లో తిరగరాసి ఉచితంగా వదిలారు. పాత ఆట పాత పద్ధతిలో బతకాలని వాళ్ల తాపత్రయం. సవరణ అన్న మాటకి ఆ అర్థం కూడా ఉంటుందని నాకు అరవై దగ్గరపడ్డాక తెలిసింది. మన దగ్గర సవరణ అంటే ఇంకొకటే. 2008లో వాళ్లకి నాలుగో కూర్పొస్తే, అదే ఏడాది మన శాసనసభ గీతని ప్లస్ ఫైవ్ నుంచి ప్లస్ త్రీకి దించమని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏకగ్రీవం అన్న మాట దగ్గర ఆగండి. మైకులు విరిగే సభ, కుర్చీలు లేచే సభ, కొంగల మీద మాత్రం ఒక్క గొంతుతో మాట్లాడింది. గీత రెండడుగులు దిగితే అభయారణ్యంలో సగానికి పైగా బయటపడుతుంది. కేంద్రం అజీజ్ కమిటీని వేసింది. కమిటీ చూసి, గీత కదపొద్దంది. ప్రభుత్వాలు మారాయి, ఎన్నికలు మారాయి, ప్లస్ త్రీ హామీ మాత్రం ఏ పార్టీ జెండా కిందికైనా చక్కగా సరిపోయింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు సరిహద్దులు తేల్చి గుర్తులు పెట్టమని రాష్ట్రానికి మళ్లీ చెప్పింది. జీవో వచ్చిన పాతికేళ్లకి, గీత ఎక్కడుందో చూపించమని.

నవ్వడానికి వీల్లేని సంగతి ఒకటుంది, అది దాటేస్తే నేనూ మాంత్రికుణ్ణే. ఆ గీత లోపల పద్నాలుగు వేల ఎకరాలకి పైగా జిరాయితీ భూములున్నాయి. పట్టా ఉంది, తాతల కాలం నుంచి శిస్తు కట్టారు, ఇవాళ సాగు చెయ్యనివ్వరు, కొననూ కొనరు. డెబ్బైల్లో ప్రభుత్వమే మత్స్యకార సహకార సంఘాలకి చెరువులు ఇచ్చింది. అదే ప్రభుత్వం తర్వాత ఆ చెరువులే నేరమంది. లంక గ్రామాల్లో తాటిదోనె మీద వల వేసుకుని కొర్రమీనో వాలుగో పట్టుకునేవాడు తన నీళ్ల మధ్యే ఇంకొకడి చెరువుకి కాపలాదారు అయ్యాడు. వాళ్లకి పరిహారం ఇమ్మని అడగడం న్యాయం. కానీ ప్లస్ త్రీ సభ పెట్టినప్పుడల్లా ఆ కాపలాదారుణ్ణే వేదిక ముందు వరసలో కూర్చోబెడతారు. లీజుదారు వేదిక మీద ఉంటాడు. మైకు ముందు వరసకి అందేంత వైరు ఇంతవరకు కొనలేదు.

మా వాడి జట్టు చీలిక సంగతి మళ్లీ వచ్చింది. నేను తీర్పు చెప్పాను: "ఒరేయ్, కంపెనీ ఎన్ని కూర్పులు వేసినా మీ సీనియర్ పాత పుస్తకాన్ని ఎవడూ లాక్కుపోడు. మూడు గదుల్లో మూడు ఆటలు ఆడుకోండి. మాకున్న పటం ఒక్కటే. దాన్ని మడతపెట్టి బీరువాలో పెట్టుకోలేం."

వాడు ఊరుకోలేదు. 2023 జనవరిలో కంపెనీ పాత లైసెన్సు రూల్సు మారుద్దామని చూసిందట. ఆ రూల్సుని నమ్ముకుని చిన్నచిన్న పుస్తకాలు వేసుకుని బతికేవాళ్లు బోలెడుమంది. ముసాయిదా బయటికి పొక్కగానే ఆటగాళ్లు గగ్గోలు పెట్టారు, చందాలు రద్దు చేసుకున్నారు. నెల తిరక్కుండానే కంపెనీ వెనక్కి తగ్గి, మూల రూల్సుని ఎవరైనా వాడుకోవచ్చని బహిరంగం చేసేసింది.

"ఊహల్లో ఉండే గుహల కోసం అంత గోలా?" అన్నాను.

"మరి నిజంగా ఉన్న సరస్సు కోసం మీరెంత గోల చేశారు మావయ్యా?"

చిన్న పిల్లల్ని నిట్‌లో చేర్చకూడదు. ఆ ఊళ్లో ఉల్లిపాయల మార్కెట్టు ఉంది, కళ్లు మండటం అలవాటై ఏదైనా అడిగేస్తారు.

నిజానికి మేం చేసిన గోల చెప్పనా? 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచి కొల్లేటి మీద పడింది. లంకల రోడ్లు నీళ్లకింద ఉన్నాయి. ఏలూరులో టీకొట్టు దగ్గర అందరం కలిసి ఉప్పుటేరు పూడిపోయిందని తేల్చాం, గట్లు అడ్డమని తేల్చాం, గుర్రపుడెక్క తియ్యాలని తేల్చాం. నీళ్లు తగ్గాయి. ఆ టీకొట్టులో ఇప్పుడు రొయ్య కౌంటు ఎంత పలుకుతోందో తేలుస్తున్నాం.

మర్నాడు వాణ్ణి అటపాక పక్షుల కేంద్రానికి తీసుకెళ్లాను. దారి పొడవునా చెరువులు, చెరువుల్లో ఏరేటర్లు. ఒక గట్టు మీద పొక్లెయిన్ పగలు కాబట్టి నిద్రపోతోంది. వాడి ఆటలో పాచిక వేసే హక్కు లేని పాత్రలుంటాయట, కథలో ఉంటాయి గానీ వాటి తరఫున ఆడేవాడుండడు. ఎన్‌పీసీలంటారు. "ఇవి అవేనా?" అని గూడబాతుల్ని చూపించి అడిగాను. వాడు బైనాక్యులర్స్ కళ్లకి పెట్టుకున్నాడు, చాలాసేపు తియ్యలేదు.

"మావయ్యా, అవి చెట్లు కావు కదూ?"

కావు. అటపాకలో చెట్లు చచ్చిపోతే అటవీశాఖ నీళ్లలో ఇనప స్టాండ్లు పాతింది. గూడబాతులు వాటి మీదే గూళ్లు కట్టుకుని పిల్లల్ని లేపుతున్నాయి.