ఒకే సీసాలో ఆరు ముక్కలు

మొన్న మా చెల్లెలు మనవడి రిపోర్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. కుర్రాడికి పంతొమ్మిదేళ్లు. నాలుగు నెలలుగా రక్తం, బంకతో విరేచనాలు. మొలలని ఎవరో చెబితే రెండు నెలలు నాటుమందు మింగాడు. ఎనిమిది కిలోలు తగ్గాక ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో కొలనోస్కోపీ చేయించారు. రిపోర్టులో మెరిసే కాగితం మీద పేగు లోపలి రంగుల ఫొటోలు ఎనిమిది ఉన్నాయి. బయాప్సీ సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు: ఫలానా జబ్బని చెప్పలేని వాపు, రోగి లక్షణాలతో కలిపి చూసుకోగలరు అని. ముక్కలు ఎక్కడివని చూస్తే "పెద్దపేగు" అని ఉంది. ఎన్నంటే ఆరు. అన్నీ ఒకే సీసాలో.

"ఏం జబ్బన్నయ్యా ఇది?" అంది చెల్లెలు. నాకు ఒళ్లు మండిపోయింది. పాథాలజిస్టు మీద కాదు, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఆరు ముక్కలూ ఒకే సీసాలో కలిశాక ఏది మలద్వారం పక్కదో, ఏది కుడివైపుదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. పైగా ముక్కలతో పంపిన చీటీలో "కొలైటిస్" అన్న ఒక్క మాటే ఉంది. ఎన్నాళ్ల నుంచి, ఏ మందులు వాడాడు, ఏమీ లేదు.

నేను 1979లో ఒక సర్కారు ఆసుపత్రి పాథాలజీలో టెక్నీషియన్‌గా చేరాను. అప్పటికి అమెరికాలో వుల్ఫ్, షిన్యా అనే డాక్టర్లు పొడవాటి మెత్తని గొట్టంతో పెద్దపేగంతా చూడటం మొదలుపెట్టి పదేళ్లయింది. మా దాకా రాలేదు. మాకున్నదల్లా పాతిక సెంటీమీటర్ల స్టీలు సిగ్మాయిడోస్కోపు. అది వంగదు. అందినంత మేర చూసి, పట్టకారుతో ఒక ముక్క గిల్లి తీసేవారు. పైన ఏముందో బేరియం ఎక్స్‌రే చెప్పినంతే.

వచ్చేది ఒక్క ముక్క, బియ్యపు గింజంత. కానీ దాన్ని హౌస్‌సర్జనే చేత్తో పట్టుకుని మెట్లు దిగి వచ్చేవాడు. సీసాలో పడేసి తేవడం కాదు, వడపోత కాగితం చిన్నది కత్తిరించి, కోసిన వైపు కిందికి ఉండేలా దాని మీద పరిచి, అప్పుడు ఫార్మలిన్‌లో వేయాలి. లేకపోతే ముక్క ముడుచుకుపోతుంది, అడ్డదిడ్డంగా తెగుతుంది. చీటీలో వయసు, ఊరు, ఎన్ని రోజుల జబ్బు, అమీబా మందు వేశారా లేదా, అన్నీ ఉండాలి. చీటీ సరిగా లేకపోతే మా ప్రొఫెసరుగారు ముక్కను అక్కడే ఉంచుకుని మనిషిని వెనక్కి పంపేవారు, రాసుకుని రమ్మని.

తర్వాత పని నాది. ఇత్తడి ఎల్ ముక్కలు రెండు ఎదురెదురుగా పెట్టి, వాటి మధ్య కరిగిన మైనం పోసి, పట్టకారుతో గింజను నిలువుగా నిలబెట్టాలి. పడుకుంటే పనికిరాదు. మైక్రోటోము కత్తిని నేనే రాయి మీద నూరి, తోలుపట్టీ మీద సానబెట్టుకునేవాణ్ని. స్లైడుకు సెక్షన్ అంటుకోవడానికి కోడిగుడ్డు తెల్లసొనలో గ్లిజరిన్ కలిపి పూసేవాళ్లం. ముక్క ఒక్కటే కాబట్టి రిబ్బన్ మీద రిబ్బన్ కోసి, మైనంలో గింజ అయిపోయేదాకా వదిలేవాణ్ని కాదు.

అలా కోసిన ఒక ముక్క నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. రైస్‌మిల్లు కూలీ, ఇరవై రోజుల రక్తవిరేచనాలు. పేగు పూత అనుకుని మర్నాటి నుంచి స్టెరాయిడ్ మొదలుపెట్టాలనుకున్నారు, ఆ మాట చీటీలోనే ఉంది. అది చూసే ప్రొఫెసరుగారు పీఏఎస్ రంగు కూడా వేయమన్నారు. ముదురు గులాబీ రంగులో గుండ్రటి అమీబాలు, వాటి కడుపులో మింగిన ఎర్రకణాలు. అమీబా ఉన్నవాడికి స్టెరాయిడ్ ఇస్తే పేగు చిల్లుపడి ప్రాణం మీదికి వస్తుంది. ఆయన కళ్లద్దాలు బల్లమీదే వదిలేసి వార్డుకి పరిగెత్తారు. చీటీలో ఆ ఒక్క వాక్యం లేకపోతే ఆ పరుగు లేదు.

మా చెల్లెలికి కాగితం మీద బొమ్మ వేసి చూపించాను. పెద్దపేగు లోపలి పొరలో గ్రంథులు స్టాండులో పెట్టిన టెస్టుట్యూబుల్లా నిటారుగా, వరసగా ఉంటాయి. నాలుగురోజుల ఇన్ఫెక్షన్‌లో వాపు ఉన్నా ట్యూబులు నిటారుగానే ఉంటాయి. నెలల తరబడి ఉండే ఐబీడీ అనే పేగువాపు జబ్బులో అవి వంకర్లు పోతాయి, కొమ్మలేస్తాయి, అడుగున ప్లాస్మా కణాలు గుంపు కడతాయి. అది అల్సరేటివ్ కొలైటిస్ అయితే మలద్వారం దగ్గర మొదలై మధ్యలో ఖాళీ లేకుండా పైకి పాకుతుంది. క్రాన్స్ అయితే ఇక్కడో మచ్చ అక్కడో మచ్చ, చిన్నపేగు చివర కూడా. అందుకే చిన్నపేగు చివర, మలద్వారం పక్కతో కలిపి కనీసం అయిదు చోట్ల నుంచి, చోటుకు కనీసం రెండేసి ముక్కలు తీయాలంటారు. బాగున్నట్టు కనపడే చోట కూడా తీయాలి. దేని సీసా దానికే. మందుల సంగతీ అందుకే రాయాలి: మందు పడ్డ కొలైటిస్ అక్కడక్కడా మానిపోయి, క్రాన్స్‌లా కనపడి మోసం చేస్తుంది.

మన దేశంలో దీనికి తోడు పేగు క్షయ. 1932లో న్యూయార్క్ డాక్టర్లు క్రాన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ చిన్నపేగు చివర వచ్చే క్రాన్స్ జబ్బు గురించి రాశారు. సరిగ్గా అక్కడే క్షయ కూడా కూర్చుంటుంది. రెండింటిలోనూ గ్రాన్యులోమాలనే కణాల ముద్దలుంటాయి. క్షయలో పెద్దవి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఒక్కోసారి మధ్యలో జున్నులా చచ్చిపోయి. క్రాన్స్‌లో చిన్నవి, విడివిడిగా, చాలాసార్లు అసలు దొరకనే దొరకవు. క్షయను క్రాన్స్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే క్షయ చెలరేగుతుంది. క్రాన్స్‌ను క్షయ అనుకుంటే, నెలల తరబడి క్షయ మందులు మింగుతుండగానే లోపల పేగు సన్నబడుతూ పోతుంది.

మా రోజులే బంగారమని అనను. అప్పట్లో క్రాన్స్ మా దగ్గరికి ముక్కగా వచ్చేది కాదు, ఆపరేషన్ చేసి కోసిన మూరెడు పేగుగా బకెట్లో వచ్చేది. ఇప్పుడు గొట్టం చిన్నపేగు చివరిదాకా పోతోంది. నా కడుపుమంట కూడా అందుకే. అంత దూరం పోయి, రోగి అంత కష్టం ఓర్చుకుని, రెండు రోజులు కడుపు కడుక్కుని వస్తే, తీసిన ముక్కల్ని చిల్లర పైసల్లా ఒకే డబ్బాలో వేస్తారా? సీసాల లెక్కన బిల్లు పెరుగుతుందని కొందరంటారు. చీటీ రాయడానికి టైము లేదని కొందరంటారు. ఏ పేగు నుంచి తీశామో ఆ చీటీ మీద రాయడానికి అర నిమిషం పట్టదు.

కుర్రాణ్ని వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మళ్లీ స్కోపు అనేసరికి "తాతయ్యా, ఇంకోసారా?" అని వాడు బిక్కమొహం వేశాడు. ఆ డాక్టరమ్మ నేను చెప్పకముందే ఆరు సీసాలు వరసగా పెట్టి, పేర్లు అంటించింది. చీటీ వెనకవైపు కూడా నిండింది, నాటుమందుతో సహా. వారానికి రిపోర్టు వచ్చింది. చిన్నపేగు చివర, కుడివైపు, అడ్డపేగు, మూడు సీసాలూ మామూలు. ఎడమవైపు నుంచి మలద్వారం దాకా మిగిలిన మూడింటిలో ఖాళీ లేకుండా వాపు, వంకర ట్యూబులు, గ్రాన్యులోమాలు లేవు. అల్సరేటివ్ కొలైటిస్, ఎడమవైపు.

మెసలమైన్ మాత్రలు, రాత్రిపూట ఎనీమా మొదలుపెట్టారు. నిన్న చెల్లెలు ఫోన్ చేసింది. రక్తం ఆగి పదకొండు రోజులైందట, పెరుగన్నం రెండోసారి అడిగి వేయించుకున్నాడట.