తీసివేతల లెక్క

సాఫ్ట్‌వేర్ వాళ్లకు కోడ్ రాయడమంటే ప్రాణమని బయట ఒక నమ్మకం ఉంది. నా మటుకు నాకు రాయడం కన్నా తీసేయడంలోనే మజా. మొన్న మా ప్రాజెక్టులో తాతల నాటి ఫంక్షన్ ఒకటి తగిలింది. నెత్తిన 'దయచేసి దీన్ని ముట్టుకోకండి' అని కామెంట్. ఎందుకు ముట్టుకోకూడదో మాత్రం లేదు. రాసిన మహానుభావుడెవరా అని గిట్‌లో చూస్తే, ఆయన ఉద్యోగం మానేసి ఏ కాలమో అయింది. దాన్ని పిలిచేది ఇంకొక్క ఫంక్షన్. ఆ రెండోదాన్ని పిలిచే నాథుడే లేడు. రెండూ ఎత్తేశాను. టెస్టులన్నీ పచ్చగా పాసయ్యాయి. మార్పులు చూపించే స్క్రీన్ మీద పైనుంచి కిందిదాకా ఎర్ర లైన్లే. బళ్లో ఎర్ర సిరా చూస్తే జ్వరమొచ్చేది, ఇప్పుడు ఆకలేస్తోంది.

బగ్ పట్టుకోవడమూ సరదానే. అర్ధరాత్రి దాటాక వచ్చిన ఆర్డర్లన్నీ ముందురోజు తేదీలో పడుతున్నాయి. తెల్లవారి 5:30 దాటితే మళ్లీ బుద్ధిగా ఉంటున్నాయి. అయిదున్నర అనగానే దొంగ దొరికిపోయాడు. సర్వరు యూటీసీలో బతుకుతోంది, మనం దానికన్నా అయిదున్నర గంటలు ముందు. దిద్దుబాటు ఒక్క లైను. ఆ లైనుకో టికెట్, టికెట్‌కో మీటింగ్, మీటింగ్‌కి మినిట్స్. ఇక్కడే నా ప్రాణం ఉసూరుమంటుంది.

పొద్దున స్టాండప్‌లో మేనేజర్ గారు, "నిన్న ఏం చేశారండీ?"

"పాత కోడ్ తీసేశానండీ."

"అది సరే, కొత్తగా ఏం పెట్టారు?"

ఈ ప్రశ్నకు జవాబు బిల్ అట్కిన్సన్ ఎప్పుడో ఇచ్చాడు. 1982లో ఆపిల్‌లో లీసా కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లను, వారం వారం ఎన్ని లైన్ల కోడ్ రాశారో ఫారంలో నింపమన్నారు. వాళ్లలో ఒకడైన అట్కిన్సన్ అప్పుడే తెర మీద బొమ్మలు గీసే కోడ్ క్విక్‌డ్రాలో ఒక భాగాన్ని తిరగరాసి, వేగం పెంచి, దాదాపు 2000 లైన్లు తగ్గించాడు. ఫారంలో మైనస్ 2000 అని రాసిచ్చాడు. కొన్నాళ్లకు ఆయన్ని ఫారం అడగడమే మానేశారట.

మా టైమ్‌షీట్ అడిగేది లైన్లు కాదు, గంటలు. పైగా పని రకం ఎంచుకోవాలి: డెవలప్‌మెంట్, టెస్టింగ్, మీటింగ్, ఇతరములు. తొలగింపు అన్న మాటే లేదు. సరే, ఇతరములలో పడేసి, అట్కిన్సన్‌ని తలచుకుని, గంటల గడిలో మైనస్ కొట్టాను. 'సరైన అంకె ఇవ్వండి' అని ఎర్రగా కసిరింది.

ఆ కసిరే కోడ్ ఏ ఫైల్లో ఉందో వెతుకుతున్నాను.