హడావిడి బావగారు

వేషం కట్టినవాడికి చప్పట్లు కొడతాం. వేషాలు వేసేవాణ్ణి తిడతాం. ఏకవచనమైతే కళ, బహువచనమైతే తిట్టు. ఈ రెంటికీ మధ్య ఎటూ తేలకుండా తిరిగే మనిషి ప్రతి పెళ్ళిలోనూ ఒకరుంటారు. ఆయనే హడావిడి బావగారు. వరస అడిగితే నలుగురి పేర్లు చెప్పి, ఎలాగోలా పెళ్ళికూతురి దాకా వస్తారు.

పట్టుపంచె, నడుముకి బిగించిన కండువా, చెవిన ఫోను, వేలికి తాళాలగుత్తి. అవి విడిదింటి తాళాలని అందరి నమ్మకం. నిజానికవి ఆయన స్కూటరువీ, సొంత బీరువావీ.

"భజంత్రీలకి కాఫీలందాయా? పంతులుగారికి కొబ్బరికాయలిచ్చారా? మంచినీళ్ళేవిరా?" ఆయన నోట వచ్చేవన్నీ ప్రశ్నలే, జవాబు కోసం మాత్రం ఆగరు. నీళ్ళ డబ్బా మోసుకొస్తున్న కుర్రాడికి "జాగ్రత్త, జాగ్రత్త" అని దారి చూపిస్తారు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి సన్నాయివాళ్ళు అందుకున్న అరనిమిషానికి "గట్టిమేళం!" అని కేకేస్తారు. మేళం ఆయన కేకకే మోగిందని వెనక వరుసలవాళ్ళు అనుకుంటారు.

తొలి బంతిలో కూర్చోరు, మర్యాద కాదు కదా! ఉప్పు సరిపోయిందో లేదో చూసే మిషతో గుత్తివంకాయా, నాలుగు బూరెలూ వంటశాలలోనే అయిపోయి ఉంటాయి. ఆఖరి బంతిలో ఆకు ముందు చతికిలబడి, "పొద్దుట్నుంచి కాఫీచుక్క ఎరగను తల్లీ" అని నిట్టూరుస్తారు. పాపం అనుకుని వడ్డించే అమ్మాయి ఇంకో గరిటె నెయ్యి పోస్తుంది.

ఇదీ ఓ వేషమే, కానీ పగటివేషగాళ్ళు వేరు. తెరా దీపాలూ లేకుండా, పట్టపగలు మన గుమ్మం ముందుకొచ్చి ఆడతారు. కూచిపూడివారి అర్ధనారీశ్వర వేషంలో ఒకే ఒంట్లో ఓ పక్క శివుడు, ఓ పక్క పార్వతి. గుడ్డ అడ్డుపెట్టుకుని ఇటు తిరిగితే తాండవం, అటు తిరిగితే లాస్యం. మన బావగారికీ ఆ విద్య వచ్చు. వియ్యాలవారి వైపు తిరిగితే వినయం, వంటవాళ్ళ వైపు తిరిగితే గర్జన. గుడ్డ కూడా అక్కర్లేదు. అయితే వేషగాళ్ళు ఆటంతా అయ్యాక ఎదురుగా నిలబడి సంభావన అడుగుతారు. బావగారు డబ్బు మాట రాగానే మాయమవుతారు. షామియానా అతను బిల్లుతో వస్తుంటే చాలు, "ఇక్కడ సిగ్నల్ లేదు, ఉండండి" అంటూ గేటు దాటేస్తారు.

నిజం చెప్పొద్దూ, ఆయన రాని పెళ్ళి కూడా ఒకటి చూశాను. అన్నీ వేళకే జరిగాయి. ఎవరికీ పెళ్ళికి వచ్చినట్టనిపించలేదు. పెళ్ళికూతురి తండ్రైతే, కంగారు పెట్టేవాళ్ళు లేక, తనే కంగారుపడుతూ కూర్చున్నాడు.

అందుకే ఆయనకి పిలుపులు తగ్గవు. మొన్న ఓ పెద్దాయన చేతులు పట్టుకుని, "బావగారూ, మాఘంలో మా అమ్మాయి పెళ్ళి. మీరే దగ్గరుండి నడిపించాలి" అన్నాడు.

"అంత చెప్పాలా? దగ్గరుంటాను" అన్నారు. నడిపించే మాట మాత్రం ఎత్తలేదు.