ట్రాక్‌కి బండి కొంటున్నారా? ముందు నా మాట వినండి

ట్రాక్ డే అంటే పందెం కాదు. డబ్బు కట్టి, ఎదురుగా లారీ రాని, గేదె అడ్డం పడని రోడ్డు మీద ఓ పూటో రోజంతానో బండి తోలుకునే ఏర్పాటు. ఒక్కో విడత పదిహేనో ఇరవయ్యో నిమిషాలు. గెలుపు లేదు, కప్పు లేదు. మరి ఇక మిగిలేదేమిటి? పార్కింగు. అక్కడ మీ బండి చుట్టూ ఎంతమంది మూగారు, ఎంతమంది సెల్ఫీ అడిగారు, అదే లెక్క. ఈ మూలసూత్రం బుర్రకెక్కితే మిగతాదంతా సులువు.

ఎన్ని సీసీలు అని అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, ఇంచుమించు వెయ్యి ఉండాల్సిందే. కవాసాకి జెడ్‌ఎక్స్-10ఆర్ ఉంది, 998 సీసీ. బీఎండబ్ల్యూ ఎస్ 1000 ఆర్ఆర్ ఉంది, 999 సీసీ. చేతిలో ఇంకా ఆడుతుంటే డుకాటీ పనిగాలే వి4, 1103 సీసీ. అన్నీ రెండు వందల గుర్రాలకు అటూ ఇటూ లాగేవే. ఇవీ చాలవనుకుంటే సుజుకీ హయబూసా, 1340 సీసీ, 266 కిలోలు. అది తిన్నగా దూసుకుపోవడానికి పుట్టిన బండి, మలుపుల ట్రాక్‌కి బరువెక్కువ అని సణిగేవాళ్ళుంటారు. 2004లో ‘ధూమ్’ సినిమాలో ఈ బండిని చూసి హాల్లో ఈల వేసినవాడితో ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు.

ఇక్కడే మీకు లెక్కల మాస్టారి బాపతు స్నేహితుడొకడు తగులుతాడు. టీ కొట్టు బల్ల మీద కాగితం పరిచి, యాభై మీటర్ల వ్యాసార్థమున్న మలుపు గీస్తాడు. బండి నలభై డిగ్రీలు వాలిందనుకో అంటాడు. ఏవో కూడికలూ వర్గమూలాలూ కట్టి, వేగం గంటకు 73 కిలోమీటర్లు అని తేలుస్తాడు. ‘ఈ లెక్కలో బండి బరువు ఎక్కడైనా ఉందా? గుర్రాలున్నాయా? 18 గుర్రాల యమహా ఆర్15 అయినా ఇంచుమించు 73, నీ ఇరవై లక్షల బండి అయినా ఇంచుమించు 73’ అంటాడు. లెక్క తప్పు పట్టలేం, కనుక ఆ స్నేహితుణ్ణి మార్చేయండి. ఎందుకంటే వాడు అక్కడితో ఆగడు. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ సర్క్యూట్ 3.7 కిలోమీటర్లే, అందులో పన్నెండు మలుపులు, కొత్తవాడు లీటరు బండి ఇంజను పూర్తిగా విప్పేలోపే బ్రేకు పట్టాల్సి వస్తుంది అంటాడు. లీటరు బండి మొదటి గేరులోనే 140 దాటుతుంది, మిగతా ఐదు గేర్లతో నీకేం పని అంటాడు. పని లేకపోతేనేం, ఉన్నాయి కదా! పూజగదిలో వెండి కంచం ఉంటే రోజూ అందులోనే తింటున్నామా?

చిన్న బండి వాళ్ళ వాదన కూడా ఒకసారి వినేసి వదిలేద్దాం. 140 కిలోల పైచిలుకు బరువుండే ఆర్15, 373 సీసీల కేటీఎం ఆర్‌సీ 390, హోసూరులో తయారయ్యే టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310, ఏప్రిలియా ఆర్ఎస్ 457, ఇలాంటివి కొనమంటారు. చిన్న బండి మీద థ్రాటిల్ పూర్తిగా తిప్పే ధైర్యం వస్తుందట. మలుపులో భయపడి టక్కున మూసేసినా బండి ఎదురు తిరగదట. శక్తి తక్కువ కాబట్టి మలుపులో వేగం నిలుపుకోవడం తప్పనిసరిగా నేర్చుకుంటారట. టీవీఎస్ వాళ్ళు 1994 నుంచి ఒకే రకం బండ్ల మీద పందేలు నడుపుతున్నారు, అక్కడి నుంచే పిల్లలు పైకొచ్చారు అంటారు. రావచ్చు. కానీ ఆ పిల్లలు రేసర్లు కావాలనుకున్నారు. మీకు కావలసింది ప్రొఫైల్ ఫొటో. గమ్యాలు వేరైనప్పుడు దారి ఒకటెలా అవుతుంది?

పైగా పెద్ద బండిలో కంప్యూటరు ఉంటుంది. ట్రాక్షన్ కంట్రోల్, మలుపులో పనిచేసే ఏబీఎస్, ముందు చక్రం లేవకుండా పట్టి ఉంచే ఏర్పాటు, అన్నీ చూసుకుంటాయి. అది టైరు పట్టును కొలుస్తుందే తప్ప కొత్త పట్టును పుట్టించలేదని ఇంజనీర్లు చెబుతారు. ఇంజనీర్లు ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు.

కొనేది మాత్రం కొత్త బండే కావాలి. అనుభవమున్నవాళ్ళు సెకండ్ హ్యాండ్ బండి తీసుకుని, కంపెనీ ప్లాస్టిక్కు విప్పి అటక మీద పెట్టి, చవక ఫైబర్ తొడుగు బిగించుకుంటారు. డిక్కీలో ఓ జత బ్రేకు, క్లచ్ లెవర్లు, ఒక ఫుట్‌పెగ్ అదనంగా పడేసుకుంటారు. పడితే అరగంటలో మార్చుకుని మళ్ళీ ట్రాక్ ఎక్కొచ్చునని. అంటే ఇంట్లోంచే పడదామని బయల్దేరారన్నమాట. ఎంత అపశకునం! మనం షోరూం నుంచి తిన్నగా ఆంజనేయస్వామి గుడికెళ్ళి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, హ్యాండిల్‌కి పూలదండ వేయించినవాళ్ళం. పడటం మన ప్రణాళికలో లేదు. ఒకవేళ పడ్డా, హెడ్‌లైటు దగ్గర్నుంచి తోక దాకా ఫెయిరింగ్ మొత్తానికి అంచనా చిట్టా చేతికొచ్చినప్పుడు ఆ కాగితాన్ని కూడా పోస్టు చేయొచ్చు. లైకులొస్తాయి.

టైర్ల విషయంలో కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. టైరు చూసి మనిషిని అంచనా వేసే దుష్ట సంప్రదాయం ఒకటుంది. బండి ఆగగానే పక్కనున్నవాడు ఒంగి మీ వెనక టైరు అంచు చూస్తాడు. బాగా వాల్చి తోలినవాడి టైరు అంచు దాకా గరుకుగా, కరిగి గడ్డకట్టిన రబ్బరు చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుని ఉంటుంది. వాల్చనివాడి టైరుకు రెండు అంచుల్లోనూ నున్నటి నల్ల పట్టీ, దాని మీద ఫ్యాక్టరీలో పుట్టిన రబ్బరు వెంట్రుకలు అలాగే నిక్కబొడుచుకుని ఉంటాయి. చికెన్ స్ట్రిప్స్ అని దానికి వెటకారపు పేరు. ఇందుకోసం నలభై డిగ్రీలు వాలడం దేనికి? హార్డ్‌వేరు షాపులో ఉప్పుకాగితం దొరుకుతుంది. ముందు రోజు రాత్రి స్టాండు వేసి, చక్రం తిప్పుతూ రెండు అంచులూ రుద్దేయండి. వాల్చినప్పుడు రోడ్డుకు రాసుకునే మోకాలి స్లైడర్లకూ ఇదే వైద్యం.

రోడ్డు టైర్లతో వెళ్ళొచ్చని, కొత్తవాడికి మంచి స్పోర్ట్ టైరు చాలని, రోడ్డు మీదకన్నా గాలి కొంచెం తగ్గించి, వేడెక్కాక మళ్ళీ కొలిచి చూసుకోవాలని అంటారు. గేజి పట్టుకుని చక్రం దగ్గర గొంతుకూర్చుంటే ఫొటోలో ఏం బావుంటుంది? స్లిక్కులు వేయించండి. గాడి లేని నున్నటి రేసు టైర్లు. అవి బాగా వేడెక్కితేగానీ రోడ్డును పట్టవు, అందుకే రేసు జట్లు వాటికి దుప్పట్లలాంటి వార్మర్లు చుట్టి ఉంచుతాయి. వార్మర్లకు కరెంటు కావాలి, వెనకా ముందూ స్టాండ్లు కావాలి, అవన్నీ దండగ. మీరు చల్లటి స్లిక్కుల మీదే మొదటి మలుపులోకి వెళ్ళండి. వాన పడితే అసలు వెళ్ళనక్కర్లేదు, టైరే మిమ్మల్ని ఎటో తీసుకెళుతుంది.

బ్రేకు ఆయిలు సంగతి ఎవరికీ కనపడదు, కాబట్టి దాని మీద పైసా పెట్టొద్దు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతబడితే తొందరగా మరుగుతుంది, మరిగితే లెవరు మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. ఇది తెలిసేది తిన్న రోడ్డు చివర, 160 మీదున్నప్పుడు. కాస్త ఉత్కంఠ లేకపోతే ట్రాక్‌కి వెళ్ళడమెందుకు? ఆ ఆయిలు డబ్బుతో బండి రంగుకు సరిపోయే అల్యూమినియం మూతలొస్తాయి.

ట్రాక్ గేటు దగ్గర స్క్రూటినీ అని ఒక తతంగం ఉంటుంది. చొక్కా మీద గ్రీజు మరకలున్న పెద్దాయన ఒకాయన మోకాళ్ళ మీద కూర్చుని చైను పైకీ కిందికీ ఊపి చూస్తాడు. బ్రేకు ప్యాడ్ల మందం చూడటానికి టార్చి వేస్తాడు. థ్రాటిల్ తిప్పి వదిలి, దానంతటది వెనక్కి వస్తోందా అని చెవి పెట్టి వింటాడు. ఇంజను కింద వేలుతో తుడిచి నూనె చెమ్మ ఉందేమో చూస్తాడు. అద్దాలు విప్పమంటాడు, లైట్లకు టేపు వేయమంటాడు, సైడు స్టాండు కట్టేయమంటాడు. ఆయనతో వాదించండి. అద్దాలు లేకపోతే వెనక ఎవరొస్తున్నారో ఎలా తెలుస్తుందని నిలదీయండి. వెనకవాడి సంగతి నీకెందుకు, ముందు చూడు, జాగ్రత్తగా దాటే పూచీ దాటేవాడిదే అని ఆయన చెప్పే జవాబులో అర్థముందేమో అని ఒక్క క్షణం కూడా అనుమానపడొద్దు.

అసలు అక్కడికి చేరడం ఒక ఘట్టం. మన రెండు రాష్ట్రాల నుంచీ ఇరుంగాట్టుకోట్టైకి వెళ్ళేవాళ్ళున్నారు. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరిగెత్తాయి గానీ, అది ఊరి రోడ్డుకు గోడలు కట్టి జరిపిన పందెం. ఇప్పుడక్కడ మామూలు ట్రాఫిక్కే. హైదరాబాద్ నుంచి ఇరుంగాట్టుకోట్టైకి ఆరు వందల కిలోమీటర్ల పైమాట. నలుగురు కలిసి ఒక డీసీఎంలో బండ్లు కట్టుకుని వెళ్ళేవాళ్ళున్నారు, పిరికివాళ్ళు. మీరు తోలుకుంటూనే వెళ్ళండి. హైవే మీద తిన్నగా పరిగెత్తి పరిగెత్తి వెనక టైరు నడిమి భాగం బల్లపరుపు అవుతుంది, వాల్చినప్పుడు తేడా కొడుతుంది. నడుము పట్టేస్తుంది. నిద్ర చాలదు. సాయంత్రం అదే అలసటతో నెల్లూరు దాటి వెనక్కి రావాలి. ట్రాక్ మీద చెప్పుకోవడానికేమీ లేకపోయినా ఈ ప్రయాణం గురించి పదేళ్ళు చెప్పుకోవచ్చు.

ఇంత కొన్నాక సూటుకు డబ్బుండదు. మంచిదే. తోలుతో ఒకే ముక్కగా కుట్టిన సూటు, వెన్నుకు రక్షణ, మణికట్టు దాటే గ్లౌజులు, చీలమండ కప్పే బూట్లు, డబుల్ డి రింగు హెల్మెట్, ఇవన్నీ కలిపితే ఒక వాడిన చిన్న బండి ధర అవుతుంది. జీన్సు వేసుకుని వెళ్ళి గేటు దగ్గర ఆపితే మాత్రం ఎవరి సూటైనా అడిగి తొడుక్కోండి. పొట్ట దగ్గర జిప్పు పడకపోయినా ఫొటోలో చెయ్యి అడ్డం పెట్టుకోవచ్చు.

బండి కొనకముందే శిక్షణ తీసుకోమనేవాళ్ళు కూడా తగులుతారు. చెన్నైలోనే బండీ సూటూ వాళ్ళే ఇచ్చి నేర్పే స్కూళ్ళున్నాయి. ఒకసారి అక్కడికెళితే ఏ బండి కావాలో మీకే తెలిసిపోతుంది. తెలిస్తే ఇంక నా సలహా దేనికి? కాబట్టి వద్దు. పేరు నమోదు చేసేటప్పుడు కొత్తవాళ్ళ గ్రూపులో కాకుండా వేగంగా వెళ్ళేవాళ్ళ గ్రూపులో రాయించుకోండి. వెనక వేగంగా వస్తున్నవాడికి దారి ఇమ్మని నీలం జెండా ఊపితే చెయ్యి ఊపండి.

ఇన్సూరెన్సు కాగితం చివరి పేజీలో, పందేలకూ వేగ పరీక్షలకూ వాడిన బండికి పరిహారం వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదవకండి, మనసు పాడవుతుంది.

ఆరు నెలలకు బండి అమ్మకానికి పెడతారు కదా, అప్పుడు ప్రకటనలో ‘ట్రాక్‌లో ఒక్కసారే తిరిగింది, ఓనరు జాగ్రత్తపరుడు’ అని రాయండి. ధర ఎక్కువే చెప్పండి. నా సలహాలు విన్నవాడు ఇంకొకడు ఎక్కడో ఉండే ఉంటాడు, వాడే వచ్చి కొంటాడు.