ఫోమ్ బాబాయి

ఫోమ్ బాబాయి లేని అపార్ట్‌మెంట్ హైదరాబాదులో అరుదు. యాభై దాటిన వయసు, అమెరికాలో కొడుకు, భోజనమయ్యాక కునుకు పట్టేదాకా యూట్యూబ్. పైవాళ్లు రోట్లో పచ్చడి నూరినా, పక్కింటి కుక్కర్ మూడో విజిల్ వేసినా ఆయన ప్రాణం విలవిల్లాడుతుంది. తన టీవీలోని క్రికెట్ కామెంటరీ కింద వాచ్‌మన్ గదిదాకా వినిపించడం మాత్రం శబ్దం కిందికి రాదు.

నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదన్న 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఆయనకు కంఠోపాఠం. లిఫ్టులో దొరికినవాళ్లకు అప్పజెబుతాడు. విన్నవాడు తన అంతస్తు రాగానే దిగిపోతాడు. రాకపోయినా దిగిపోతాడు.

ఒక మధ్యాహ్నం బాబాయికి స్ప్రే ఫోమ్ సాక్షాత్కరిస్తుంది. వీడియోలో అమెరికావాడెవడో గోడలోకి గొట్టం పెట్టి నొక్కుతాడు, లోపల నురుగు పొంగుతుంది. అక్కడి గోడంటే చెక్క చట్రానికి రెండువైపులా జిప్సమ్ బోర్డులు, మధ్యలో బోలు. మనది ఇటుక, సిమెంటు, పైన ప్లాస్టరింగు. నురుగెక్కడ పోస్తారు? బోలు లేకపోతే చేసుకోవాలిగా! ఆదివారం పొద్దున ఏడింటికల్లా డ్రిల్లింగ్ మిషన్‌తో నిశ్శబ్ద యజ్ఞం మొదలవుతుంది. మిగతా బ్లాకంతా ఆ రోజు తొందరగా నిద్ర లేస్తుంది.

"సార్, శబ్దాన్ని ఆపేది బరువండీ. ఇటుక గోడే ఆపలేంది ఈ బుడగలేం ఆపుతాయి?" అంటాడు చిల్లులు పూడ్చడానికొచ్చిన మేస్త్రీ. అతను చదవకుండానే చెప్పిన ఫిజిక్స్ అది. గోడ బరువు రెట్టింపు చేస్తే లెక్క ప్రకారం తగ్గేది ఆరు డెసిబెల్స్. ఫోమ్ డబ్బా బరువు కిలోకి అటూఇటూ. పైగా రోలు చప్పుడు వచ్చేది స్లాబులోంచి. కానీ మేస్త్రీకి యూట్యూబ్ ఛానలు లేదు కదా, అతని మాటకు విలువేముంటుంది?

ఇక గోడ మీదే నేరుగా కొట్టుడు. ముందు గోడ కాస్త తడపాలి, డబ్బా తలకిందులుగా పట్టుకోవాలి, గ్లోవ్సూ కళ్లద్దాలూ పెట్టుకోవాలి, కిటికీలు తెరవాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. ఇవన్నీ డబ్బా మీదే ఉంటాయి. డబ్బా మీద రాసింది చదివేవాడైతే ఆయన బాబాయి ఎందుకవుతాడు? మొదట వేలెడంత గీత గీస్తాడు. చాల్లేదనిపించి ఇంకో గీత. అటు తిరిగి ఇటు చూసేలోపు అది స్విచ్‌బోర్డు మీదికి పాకి, కిటికీ ట్రాక్‌లో దిగి, ఆయన మీసం కొసన వేలాడుతుంది. పచ్చిగా ఉండగా అయితే డబ్బాకో గుడ్డకో అంటింది అసిటోన్‌తో వదులుతుంది. ఆరాక గీకి తీయాల్సిందే. చేతికంటింది చర్మం మారేదాకా ఉంటుంది. వారంపాటు ఆయన పప్పన్నం చెంచాతో తింటాడు.

"ఏమండీ, ఇడ్లీపిండి గిన్నె పొంగినట్టు ఏమిటా గోడ?" అంటుంది పిన్ని. ఆమె బాధ వేరు. పక్కింటి విజిళ్లు లెక్కపెట్టుకునే ఆమె తన పప్పు దించుతుంది. అదీ ఆగిపోతే ఎలా?

ఆ భయమేం అక్కర్లేదు. విజిల్ శుభ్రంగా వినిపిస్తుంది. అయినా బాబాయి ఓడిపోడు. ఫోన్‌లో డెసిబెల్ మీటర్ పెట్టి, "ఏమోయ్, నాలుగు తగ్గింది!" అని కేకేస్తాడు. తగ్గిన మాట నిజమే, అప్పుడే కరెంటు పోయి ఫ్యాను ఆగింది.

తమాషా ఏమిటంటే, ఆయన చేసిన ఒక్క పని మాత్రం నిజంగా ఫలించింది. డబ్బా అడుగున మిగిలినది పారేయబుద్ధి కాక, ఏసీ పైపు దూరిన కన్నంలోనూ గుమ్మం చట్రం పక్క సందులోనూ కొట్టాడు. వీధిలోని ఆటోల మోత ఆ సందుల్లోంచే వచ్చేది, అది కాస్త మందగించింది. ఫోమ్ చేయగలిగిన పనల్లా అదే, సందులు మూయడం. అయితే ఆ పుణ్యం కూడా గోడకే దక్కిందని ఆయన నమ్మకం. ఇప్పుడు పడగ్గది గోడకు కొలతలు తీస్తున్నాడు.

మీ బ్లాకు బాబాయి కూడా డబ్బా కొనుక్కొచ్చాడని తెలిస్తే, చేతిలో గ్లోవ్స్ పెట్టి సందులు చూపించండి. డ్రిల్లింగ్ మిషన్ మాత్రం ఏదో వంకన అడిగి తెచ్చేసుకోండి.